రాయగడ నుంచి విదేశానికి: ప్రింటర్ ఇంకు కార్ట్రిడ్జ్‌లను విమానంలో పంపే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం. ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్ల కొట్లు ఎక్కువగా ఉండే ఈ ఊళ్లలో ఎక్కడా విదేశీ కార్గో తీసుకునే విమానాశ్రయం లేదు. సరుకు విశాఖకో భువనేశ్వర్‌కో దిగాలి. చాలాసార్లు అక్కడి నుంచి కూడా హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా లాంటి పెద్ద కార్గో టెర్మినల్‌కు పోవాలి. అక్కడ పెట్టె ఆగిపోతే రోజువారీ నిల్వ చార్జీ పడుతుంది. కాగితం సరిచేయించడానికో, పెట్టె తిరిగి కట్టించడానికో మీ మనిషి కొండ దిగి వెళ్లాలి. అందుకే ఇంకు కార్ట్రిడ్జ్‌ల విషయంలో పని అంతా కొట్టు దగ్గరే, బండి ఎక్కించక ముందే తేలిపోవాలి. కౌంటరులో అడిగినప్పుడు చూసుకుందాం అనుకుంటే కుదరదు.

ముందు ఏ ఇంకో తేల్చండి

కార్ట్రిడ్జ్ అన్న ఒక్క మాటతో విమానయాన సంస్థకు ఏమీ తెలియదు. వాళ్లకు కావలసింది లోపల ఉన్న పదార్థం. పంపే పద్ధతంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే హెచ్‌పీ, కానన్, ఎప్సన్, బ్రదర్ ఇంక్‌జెట్ ఇంకులు దాదాపు అన్నీ నీటి ఆధారమైనవి. నీళ్లు, గ్లైకాల్ రకాలు, రంగు. ఇవి మామూలుగా ప్రమాదకర సరుకు కిందికి రావు. లేజర్ ప్రింటర్ టోనర్ పొడి కూడా సాధారణంగా రాదు, కానీ దానికి వేరే చిక్కు ఉంది, కింద చెబుతాం. ఫ్లెక్సీలు కొట్టే సాల్వెంట్ ఇంకు, బిస్కెట్ ప్యాకెట్ల మీద, సీసాల మీద తేదీ, బ్యాచ్ నంబరు కొట్టే కోడింగ్ మిషను ఇంకు పూర్తిగా వేరే సంగతి. కోడింగ్ ఇంకుల్లో ఎక్కువగా ఉండేది మిథైల్ ఇథైల్ కీటోన్. దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు అందుకునే కనిష్ఠ వేడి) సున్నాకు కింద 9 డిగ్రీలు. అంటే చలికాలం రాత్రి కూడా దాని ఆవిరి నిప్పు అందుకుంటుంది. యూవీ ఇంకుల్లో కొన్ని జలచరాలకు హాని చేసేవిగా యూఎన్ 3082 (ప్రమాదకర సరుకుకు ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఇచ్చే నంబరు) కింద, 9వ తరగతిలోకి వస్తాయి. అయితే లోపలి సీసా ఒక్కొక్కటి 5 లీటర్లు మించకపోతే, ప్యాకింగ్ గట్టిగా ఉంటే వాటికి ప్రత్యేక మినహాయింపు ఏ197 వర్తిస్తుంది.

ఇదంతా మన అంచనాతో తేల్చేది కాదు. తయారీదారు ఇచ్చే భద్రతా పత్రం కావాలి. కార్గో వాళ్లు దాన్ని ఎంఎస్‌డీఎస్ అంటారు. అందులో 16 భాగాలుంటాయి. మూడు చోట్ల చూస్తే మన పనికి చాలు.

1వ భాగంలో ఉత్పత్తి పేరు, తయారీదారు పేరు ఉంటాయి. అవి మీ ఇన్వాయిస్‌లో, పెట్టె మీద ఉన్న పేరుతో అక్షరం తప్పకుండా కలవాలి. నల్ల ఇంకు పత్రం పెట్టి నాలుగు రంగులూ పంపితే మిగతా మూడింటికి పత్రం అడుగుతారు. 9వ భాగంలో ఫ్లాష్ పాయింట్ ఉంటుంది. క్లోజ్డ్ కప్ (మూసిన పాత్రలో కొలిచే) పద్ధతిలో 60 డిగ్రీల సెల్సియస్, అంతకన్నా తక్కువ అయితే అది మండే ద్రవం, 3వ తరగతి. 14వ భాగం రవాణా. అందులో విమానానికి సంబంధించిన గడిలో 'నాట్ రెగ్యులేటెడ్' (ప్రమాదకర సరుకు ఆంక్షలు వర్తించవు) అని ఉండాలి. రోడ్డుకు, ఓడకు ఆ మాట ఉండి విమానం గడి ఖాళీగా ఉన్న పత్రాలు చాలా తిరుగుతున్నాయి. వాటిని కౌంటరులో ఒప్పుకోరు. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ వేసే ప్రమాదకర సరుకుల నిబంధనల పుస్తకం ఏటా జనవరి 1న కొత్త కూర్పుతో అమల్లోకి వస్తుంది, కాబట్టి ఐదారేళ్ల నాటి పత్రాన్ని కూడా పక్కన పెడతారు. తయారీదారు వెబ్‌సైటులో కొత్తది దొరుకుతుంది. దొరక్కపోతే సరుకు ఇచ్చిన డీలరును అడిగి తెప్పించండి. వేరే కంపెనీ ఇంకు పత్రం తీసి పేరు మార్చి పెట్టడం మాత్రం వద్దు. మండే ద్రవం విమానం పొట్టలో తెలియకుండా కూర్చుంటే ప్రమాదం మనుషుల ప్రాణాలకే.

మండే ఇంకు అయితే

ప్రింటింగ్ ఇంకుకు నంబరు యూఎన్ 1210. ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల కన్నా తక్కువ ఉంటే, మరుగు స్థానం 35 దాటితే ప్యాకింగ్ గ్రూపు (ప్రమాద స్థాయి) 2. 23 నుంచి 60 మధ్య ఉంటే గ్రూపు 3. ప్రయాణికుల విమానంలో గ్రూపు 2 ఇంకు ఒక పెట్టెలో 5 లీటర్ల దాకా, గ్రూపు 3 అయితే 60 లీటర్ల దాకా పెట్టవచ్చు. సరుకు విమానంలో అయితే 60, 220 లీటర్లు. తక్కువ పరిమాణానికి వేరే దారి ఉంది: గ్రూపు 2కు వై341 అనే ప్యాకింగ్ సూచన కింద పెట్టెకు 1 లీటరు, గ్రూపు 3కు వై344 కింద 10 లీటర్లు, పెట్టె మొత్తం బరువు 30 కిలోలు దాటకూడదు. ఆ దారిలో యూఎన్ ముద్ర ఉన్న పెట్టె అక్కర్లేదు కానీ ప్యాకింగ్ పరీక్షలకు నిలవాలి, వై అక్షరం ఉన్న డైమండ్ గుర్తు అంటించాలి.

ఎర్ర గీతల అంచు ఉండే షిప్పర్స్ డిక్లరేషన్ (ప్రమాదకర సరుకు గురించి పంపేవారు ఇచ్చే ప్రకటన) మీద సంతకం చేసే మనిషికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన చోట శిక్షణ జరిగి ఉండాలి, ఆ శిక్షణ 24 నెలలకోసారి మళ్లీ పొందాలి. చిన్న వ్యాపారికి ఇది సొంతంగా చేసుకునే పని కాదు. విశాఖ, హైదరాబాద్, చెన్నైలలో ప్రమాదకర సరుకు ప్యాక్ చేసి కాగితాలు తయారుచేసే ఏజెంట్లు ఉంటారు. సరుకు వాళ్లకు అప్పగించండి. అక్కడిదాకా తీసుకెళ్లేది మాత్రం రోడ్డు మీదే. ఊళ్లోని కొరియర్ కౌంటరులో ఇస్తే అది ఏ దేశీయ విమానం ఎక్కుతుందో మీకు తెలియదు.

టోనర్‌కు ఉన్న పాత కథ

2010 అక్టోబరు 29న యెమెన్ నుంచి షికాగోకు బయల్దేరిన రెండు పార్సిళ్లలో, ప్రింటర్ల టోనర్ కార్ట్రిడ్జ్‌లలో దాచిన పేలుడు పదార్థం ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లోనూ దుబాయ్‌లోనూ బయటపడింది. ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లో మొదటి సోదాలో అది దొరకనే లేదు. అప్పటి నుంచి టోనర్ అంటే భద్రతా సిబ్బంది చూపు మారిపోయింది. అమెరికా 16 ఔన్సులు, అంటే సుమారు 453 గ్రాములు దాటిన టోనర్, ఇంకు కార్ట్రిడ్జ్‌లను ప్రయాణికుల విమానాల్లో చేతిసంచిలోనూ చెకిన్ సామానులోనూ నిషేధించింది. బ్రిటన్ 500 గ్రాముల హద్దు పెట్టింది.

లేజర్ టోనర్ కార్ట్రిడ్జ్‌లలో చాలావాటి బరువు ఆ హద్దు దాటుతుంది. కాబట్టి అమెరికా వెళ్లే బంధువు సూట్‌కేసులో టోనర్ పెట్టి పంపకండి. కార్గోగా పంపేటప్పుడు బుకింగ్‌లోనే ఒక్కో కార్ట్రిడ్జ్ బరువు గ్రాముల్లో చెప్పి, ప్రయాణికుల విమానం ఎక్కవచ్చా లేక సరుకు విమానమే కావాలా అని రాతపూర్వకంగా అడగండి. ప్రతి సంస్థకూ సొంత ఆంక్షలుంటాయి, దేశాన్ని బట్టి మారతాయి.

ప్యాకింగ్: సగం నష్టాలు ఇక్కడే

విమానం ఎగిరినప్పుడు సరుకు గదిలో ఒత్తిడి సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉండేంతకు దిగుతుంది. నేల మీది ఒత్తిడిలో అది నాలుగింట మూడు వంతులు. కార్ట్రిడ్జ్‌లో 10 మిల్లీలీటర్ల గాలి చిక్కుకుని ఉంటే అది 13 మిల్లీలీటర్లు దాటి ఉబ్బుతుంది. ఉబ్బిన గాలి ఇంకును నాజిల్ (ఇంకు చిమ్మే రంధ్రాలు) నుంచి బయటకు తోస్తుంది. ఒరిజినల్ కార్ట్రిడ్జ్ కారకపోవడానికి కారణం తయారీదారు దాని నాజిల్‌కు టేపు, క్లిప్పు పెట్టి, చాలా రకాలను గాలి తీసిన పౌచ్‌లో ఉంచడం. మన దగ్గర రీఫిల్ చేసినది కారడానికి కారణం ఇవేవీ లేకపోవడం.

రీఫిల్ చేసిన కార్ట్రిడ్జ్ పంపాలంటే స్పాంజి అంచుదాకా నింపకండి. నింపిన తరువాత ఒక రోజు నిలువుగా ఉంచి, టిష్యూ కాగితం మీద నాజిల్ ఒత్తి చూడండి. మరక సన్నగా పడి ఆగిపోవాలి. పారుతూ ఉంటే లోపల గాలి చిక్కిందన్నమాట, సిరంజితో లాగేయండి. తరువాత నాజిల్ మీద మెత్తటి సిలికాన్ ప్యాడ్ ఉన్న క్లిప్పు వేసి బిగించండి. మామూలు సెల్లోటేపు జిగురు నాజిల్‌లోకి పోయి అచ్చు గీతలు వదులుతుంది, దానిని వాడొద్దు. పైన గాలి రంధ్రానికి ఉన్న పసుపు టేపు తీసేసి ఉంటే కొత్తది అంటించండి. ఆ వరుస తప్పకూడదు: ముందు నాజిల్, ఆ తరువాతే గాలి రంధ్రం. పైది మూసి కిందది వదిలేస్తే ఉబ్బిన గాలి ఇంకును కింది నాజిల్ నుంచే తోసేస్తుంది.

ప్రతి కార్ట్రిడ్జ్‌ను విడిగా జిప్ కవర్‌లో, దానిలో ఒక పీల్చే ప్యాడ్‌తో పెట్టండి. సీసాలైతే మూత కింద అల్యూమినియం రేకు సీలు ఉండాలి, మూత మీద టేపు చుట్టాలి, సీసా నిండా పోయకూడదు. 55 డిగ్రీల వేడిలో కూడా సీసా నిండిపోకుండా ఖాళీ మిగలాలన్నది మండే ద్రవాలకు నిబంధన, నీటి ఇంకుకూ మంచి అలవాటే. మే నెలలో మూసిన బొలెరో వెనక అరలో వేడి బయటికన్నా బాగా ఎక్కువ ఉంటుంది, మరచిపోకండి.

టోనర్‌కు ద్రవం బాధ లేదు, పొడి బాధ ఉంది. కొత్త కార్ట్రిడ్జ్‌లో పొడి గదికీ రోలర్‌కూ మధ్య లాగే పట్టీ సీలు ఉంటుంది. రీఫిల్ చేసినప్పుడు ఆ పట్టీ ఉండదు. పెట్టె ఒక్కసారి తలకిందులైతే పొడి అంతా రోలర్ల మీదుగా బయటకొస్తుంది. కొత్త సీలు పట్టీ వేయకుండా టోనర్‌ను విమానంలో పంపకండి. డ్రమ్ మీద కవచం పెట్టి, నల్ల కవర్‌లో కట్టి, పడుకోబెట్టే స్థితిలో అమర్చండి. ఎక్స్‌రే దగ్గర పెట్టె నుంచి నల్ల పొడి రాలితే ఆ సరుకు అక్కడే నిలిచిపోతుంది.

బయటి పెట్టెకు 5 పొరల అట్ట కనీసం కావాలి. 3 పొరల స్థానిక అట్టపెట్టె వానాకాలంలో తేమకు మెత్తబడి, పైన ఇంకో పెట్టె పడగానే నలుగుతుంది. లోపల మందపాటి పాలిథిన్ కవరు పరచి, దానిలో సరుకు పెట్టి కట్టేయండి. కదలిక లేకుండా సందులు నింపాలి. సుంకి ఘాట్ దిగే బండిలో, పార్వతీపురం దారిలో కుదుపులకు వదులుగా ఉన్న కార్ట్రిడ్జ్‌లు ఒకదాన్నొకటి గుద్దుకుని క్లిప్పులు ఊడతాయి. పెట్టె పైన, కింద హెచ్ ఆకారంలో టేపు వేయండి. పైకి చూపే బాణాలు ఎదురెదురు పక్కల రెండు చోట్ల అంటించండి. పెట్టె 20 కిలోలలోపు ఉంటే మోసేవాళ్లు విసిరేయరు.

ఇంకో ముఖ్యమైన మాట. బజారులో దొరికే పాత అట్టపెట్టెలు వాడొద్దు. వాటి మీద లిథియం బ్యాటరీ గుర్తో, మంట బొమ్మ ఉన్న డైమండో చిన్నది మిగిలినా లోపల ఉన్నది అదేనని అనుకుంటారు. గుర్తు గీకేసినా సందేహిస్తారు. కొత్త పెట్టెకు అయ్యే ఖర్చు ఆ ఆలస్యం ముందు లెక్కలోకే రాదు. కొయ్య ప్యాలెట్ (పెట్టెలు పేర్చే చట్రం) మీద పంపేటట్లయితే దాని మీద ఐఎస్‌పీఎం-15 ముద్ర (కొయ్యలో పురుగు లేకుండా శుద్ధి చేశారనే గుర్తు) ఉండాలి, లేదంటే అవతలి దేశంలో వెనక్కి తిప్పుతారు. ప్లాస్టిక్ ప్యాలెట్‌కు ఆ గొడవ లేదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కెనడా, ఉత్తర యూరప్ వైపు నీటి ఇంకు పంపుతుంటే పెట్టె మీదా ఎయిర్ వేబిల్లులోనూ (విమాన సరుకు రవాణా పత్రం) గడ్డకట్టకూడదని రాయించండి. రన్‌వే పక్కన మంచులో గంటలు నిలిస్తే ఇంకు గడ్డకడుతుంది. కరిగాక పిగ్మెంటు ముద్దకట్టి నాజిల్ పూడుస్తుంది, పైకి మాత్రం కార్ట్రిడ్జ్ బాగానే కనిపిస్తుంది.

చిప్‌లోనో, చిప్ రీసెట్టర్‌లోనో బటన్ బ్యాటరీ ఉంటే అది కూడా చెప్పాలి. బ్యాటరీ లేని రకమే పంపడం మేలు.

కాగితాలు

అమ్మకానికి పంపేవాళ్లకు కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) కావాలి. పాన్ నంబరే ఐఈసీ నంబరు, రుసుము 500 రూపాయలు. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ (హామీ పత్రం) పెడితే ఐజీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయవచ్చు. ఎల్‌యూటీ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ఏప్రిల్‌లో కొత్తది వేయకపోతే మొదటి సరుకే ఆగుతుంది. విదేశీ చెల్లింపులు తీసుకునే బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్ మీరు పంపబోయే విమానాశ్రయం కింద కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో నమోదై ఉందో లేదో కస్టమ్స్ బ్రోకరుతో చూపించుకోండి. భువనేశ్వర్‌కు చేయించి హైదరాబాద్ నుంచి పంపబోతే షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) దగ్గర అడ్డం పడవచ్చు.

ఒడిశాలో ఉండే తెలుగువాళ్లు పేర్ల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఒడియాలో రాసి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చేసరికి వెంకటరావు పేరు ఒక కార్డులో 'వ'తో, ఇంకోదానిలో 'బ'తో పడుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఐఈసీ నాలుగూ ఒకే తీరుగా లేకపోతే కేవైసీ దగ్గరే ఆగిపోతుంది. సరుకు తయారుచేసే ముందు దీన్ని సరిచేయించుకోండి, వారాలు పట్టవచ్చు.

కార్ట్రిడ్జ్ హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకం తెలిపే నంబరు) 8443 99 కింద వస్తుంది: ప్రింట్ హెడ్ ఉన్నది 8443 99 51, లేనిది 8443 99 52. సీసాలో ఉన్న ఇంకు మాత్రం 3215. రెండూ కలిపి ఒకే కోడ్ కింద వేయకండి. సరుకు వర్ణన ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిది. 'ప్రింటర్ పార్ట్స్' అని రాస్తే 2010 తరువాత వచ్చిన ముందస్తు తనిఖీ పద్ధతులు ఒప్పుకోవు. అమెరికాకు విమానం ఎక్కక ముందే పంపేవారు, అందుకునేవారు, వర్ణన, సంఖ్య, బరువు అక్కడికి చేరాలి. యూరప్‌కు ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ కూడా ఉండాలి. ఇన్వాయిస్ వరుస ఇలా ఉండాలి: ఇంక్‌జెట్ ప్రింటర్ కార్ట్రిడ్జ్, కొత్తది, వాటర్ బేస్డ్ డై ఇంకు, ఒక్కోటి ఇన్ని మి.లీ., ప్రమాదకర సరుకు కాదు, ఇన్ని ముక్కలు.

ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు మూడేసి ప్రతులు, ప్రతి రంగుకూ ఎంఎస్‌డీఎస్, లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో ప్రమాదకరం కాదన్న ప్రకటన. ఈ కట్టను పెట్టె మీద పౌచ్‌లో ఒకటి, డ్రైవరు చేతిలో ఒకటి ఉంచండి, స్కాన్ చేసి బ్రోకరుకు ముందురోజే పంపండి. విలువ 50,000 రూపాయలు దాటి సరుకు ఆంధ్రలోకి వెళ్తుంటే ఈ-వే బిల్లు కావాలి. ఎగుమతి సరుకైనా విమానాశ్రయం దాకా అది తప్పదు.

కంపాటిబుల్ (ప్రింటరు కంపెనీ కాక వేరేవాళ్లు తయారుచేసిన) కార్ట్రిడ్జ్‌లు అమ్మేవాళ్లు పెట్టె మీద పెద్ద కంపెనీ లోగో వేయకండి. ఆ మోడల్‌కు సరిపడేది అని మాత్రమే రాయండి. అమెరికాలో ఎప్సన్, కానన్ తమ పేటెంట్లను ఉల్లంఘించే కార్ట్రిడ్జ్‌ల దిగుమతిపై అక్కడి ట్రేడ్ కమిషన్ నుంచి నిషేధ ఉత్తర్వులు తెచ్చుకున్నాయి. మీ మోడల్ దాని కిందికి వస్తుందా అన్నది కొనేవారి బ్రోకరు చేతే తేల్చించండి. చిన్న పార్సిళ్లకు అమెరికాలో ఉండే 800 డాలర్ల సుంకం మినహాయింపు కూడా 2025 ఆగస్టు 29తో పోయింది. సుంకం ఎవరు కట్టాలో ముందే రాసుకోండి.

వాడేసిన ఖాళీ కార్ట్రిడ్జ్‌లను కొత్తవిగా రాసి పంపకూడదు. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాల్లో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి. 2025 జనవరి 1 నుంచి వ్యర్థాల రవాణాను నియంత్రించే బాసెల్ అంతర్జాతీయ ఒప్పందం కింద ఈ-వ్యర్థం దేశం దాటాలంటే అవతలి ప్రభుత్వ ముందస్తు సమ్మతి అవసరం.

బరువు లెక్క, దారి

విమాన కార్గోలో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. కొరియర్లు 5000తో భాగిస్తాయి. 60, 40, 40 సెంటీమీటర్ల పెట్టె కార్గోకు 16 కిలోలు, కొరియర్‌కు 19.2 కిలోలు. అసలు బరువు 11 కిలోలే ఉన్నా ఎక్కువదానికే కట్టాలి. టోనర్ పెట్టెలు పెద్దవి, తేలిక. అందుకే లోపలి రిటైల్ పెట్టెలను మడిచి విడిగా పంపే ఏర్పాటు కొనేవారు ఒప్పుకుంటే చాలా మిగులుతుంది. కార్గో రేటు 45, 100 కిలోల దగ్గర తగ్గుతుంది. 41 కిలోలు ఉంటే 45 కిలోల రేటుకు కట్టడం చౌక పడుతుందేమో అడిగి చూడండి. 30 కిలోలలోపు నీటి ఇంకు అయితే కార్గో కన్నా కొరియర్‌లో, దాని కోసం కస్టమ్స్‌లో వేసే వాణిజ్య బిల్లు సీఎస్‌బీ-5 మీద పంపడమే సులువు. ఒకటి రెండు కార్ట్రిడ్జ్‌లు పంపేవాళ్లు హెడ్ పోస్టాఫీసులో డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రం (తపాలా ఎగుమతి కేంద్రం) గురించి కనుక్కోవచ్చు. తపాలాలో మండే ఇంకు ఏ పరిమాణంలోనూ తీసుకోరు.

రాయగడవాళ్లకు పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ దగ్గర. కోరాపుట్, జయపురం వాళ్లు సాలూరు మీదుగా దిగుతారు. బరంపురం వాళ్లకు జాతీయ రహదారి 16 మీద భువనేశ్వరే దగ్గర. దగ్గరదనాన్ని బట్టి మాత్రం ఎంచుకోకండి. మీ బ్రోకరు ఏ టెర్మినల్‌లో రోజూ పనిచేస్తాడో అక్కడికే పంపండి. బండి బయల్దేరే ముందు బుకింగ్ ఖాయమైందని, ఎయిర్ వేబిల్లు నంబరు వచ్చిందని చూసుకోండి. అది మూడంకెల సంస్థ కోడ్, తరువాత ఎనిమిది అంకెలు.

చేరాక

కొనేవారికి ముందే చెప్పండి: పెట్టె అందుకున్నప్పుడు తెరవకముందే ఆరు పక్కలా ఫొటోలు తీయాలి, తడి మరక, నలిగిన మూల ఉంటే డెలివరీ రసీదు మీద రాయించాలి. విమాన రవాణాలో సంస్థల బాధ్యతను తేల్చే మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సరుకు దెబ్బతింటే అందిన 14 రోజుల్లో, ఆలస్యమైతే 21 రోజుల్లో రాతపూర్వక ఫిర్యాదు వెళ్లాలి. 2024 డిసెంబరు 28 నుంచి విమాన సంస్థ బాధ్యత కిలోకు 26 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్) దగ్గర ఆగిపోతుంది. ఒరిజినల్ ఇంకు కార్ట్రిడ్జ్‌ల ధర దానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఖరీదైన సరుకుకు విడిగా రవాణా బీమా తీసుకోండి. బీమా పాలసీలో 'కారడం' నష్టం మినహాయించి ఉంటుంది కొన్నిసార్లు. ఆ వరుస చదివి, దాన్ని చేర్పించుకున్నాకే ప్రీమియం కట్టండి.